భాస్కరాచార్యుల స్వయంవహ చక్రము: అది నిజముగా తిరిగినదా?

శ్రీ గురుభ్యో నమః.



కొన్ని సంవత్సరముల క్రిందట కార్తిక మాసమున మా ఆలయ మండపములో నేను చేసిన ఒక ఉపన్యాసమును గూర్చి ముందుగా విన్నవించుకొనవలసియున్నది. మన పూర్వుల విజ్ఞానవైభవమును వర్ణించుచు, "భాస్కరాచార్యులవారు పాదరసముతో నిరంతరము తిరుగు చక్రమును నిర్మించిరి. దానికి ఇంధనము లేదు, పశుబలము లేదు, ప్రవాహము లేదు. పాశ్చాత్యులు నేటికిని దానిని సాధింపలేకపోయిరి" అని ఘంటాపథముగా పలికితిని. సభ కరతాళధ్వనులతో నిండిపోయినది.

తీర్థప్రసాద వినియోగము ముగిసిన పిమ్మట ఒక భక్తుని కుమార్తె, ఇంజనీరింగు విద్యార్థిని, నా యొద్దకు వచ్చి, "పంతులుగారూ, ఆ చక్రం ఎన్నాళ్లు తిరిగిందో ఆచార్యులవారు రాశారా? మీరు ఆ అధ్యాయం మొత్తం చదివారా?" అని అడిగినది. ఆ స్వరములో పరిహాసము లేదు. తెలిసికొనవలెనను కోరికయే యున్నది. నాకు ఆ చక్రమును వర్ణించు శ్లోకము మాత్రమే కంఠస్థము. దానికి ముందేమున్నదో, వెనుక నేమున్నదో నేనెరుగను. "చదివి చెబుతానమ్మా" అని ఊరకుంటిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఋషిఋణము తీర్చుకొనుచున్నానను భ్రమతో ఆచార్యులవారి నోట వారు పలుకని మాట నుంచితినా అను శంక నన్ను బాధించినది. ఆ శంకకు సమాధానమే ఈ వ్యాసము.

గ్రంథము, సందర్భము

భాస్కరాచార్యులు శాలివాహన శకము 1036లో, అనగా క్రీ.శ. 1114లో, జన్మించిరి. తమ 36వ ఏట, క్రీ.శ. 1150లో, సిద్ధాంతశిరోమణిని రచించిరి. లీలావతి, బీజగణితము, గ్రహగణితము, గోళాధ్యాయము అని దానికి నాలుగు భాగములు. గోళాధ్యాయమందలి యంత్రాధ్యాయములో కాలమును, ఖగోళమును కొలుచు సాధనములను ఆచార్యులు వివరించిరి. గోళయంత్రము, శంకువు, ఘటీయంత్రము, చక్రము, చాపము, ఫలకము మొదలగువాటిని చెప్పి, చివరగా ధీయంత్రమును, అనగా బుద్ధి యను యంత్రమును, పేర్కొని, పారమార్థికమైన యంత్రము అదియొక్కటే యనిరి. ఈ మాటను పాఠకులు మనస్సున నుంచుకొందురు గాక. మరల దీని యొద్దకే రాగలము.

ఈ అధ్యాయమునందే స్వయంవహ యంత్రముల ప్రసక్తి వచ్చును. దాని ప్రయోజనము మనము సాధారణముగా ఊహించునట్టిది కాదు. పిండిమరలు త్రిప్పుటకో, బరువులు మోయుటకో ఎవరును ఆ చక్రమును కోరలేదు. జ్యోతిర్విదులకు కావలసినది కాలజ్ఞానము. అహోరాత్రమునకు 60 ఘటికలు, ఘటికకు 24 నిమిషములు. అడుగున సన్నని రంధ్రము గల రాగిగిన్నెను నీటిపై నుంచిన, అది నిండి మునుగుటకు ఒక ఘటిక పట్టును. మునిగిన ప్రతిసారియు దానిని తీసి, నీరు పారబోసి, మరల తేల్చుటకు ఒక మనుష్యుడు రేయింబవళ్లు మేల్కొనియుండవలెను. ఆకాశమందలి జ్యోతిశ్చక్రమో, ఎవరును త్రిప్పకయే తిరుగుచున్నట్లు కనబడును. అస్యవామీయ సూక్తమున ఋషి దర్శించిన పన్నెండు ఆకుల చక్రము జరనెరుగనిది. అట్టి చక్రమునకు ప్రతిబింబమును భూమిపై నిలుపవలెనను తపన జ్యోతిర్విదులకు కలుగుట సహజమే.

చక్రముల నిర్మాణము

ఈ తలంపు భాస్కరులతో ఆరంభము కాలేదు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తులు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమునందు పాదరస చక్రమును వర్ణించిరి. తరువాత లల్లాచార్యులు చెప్పిరి. సూర్యసిద్ధాంతము కూడ పాదరసము, నీరు, త్రాడు, తైలము, ఇసుక మున్నగువానిని ఇట్టి యంత్రములకు సాధనములుగా పేర్కొని, వాని ప్రయోగము దుర్లభమని హెచ్చరించినది.

భాస్కరులు చెప్పిన మొదటి చక్రము ఇట్టిది. తేలికయైన కొయ్యతో సమవృత్తముగా చక్రమును చేయవలెను. దానికి సమానమైన ఎడములతో, లోపల బోలుగా నుండు ఆకులను అమర్చవలెను. ఆ ఆకులు కొంచెము వంపు తిరిగి, నందివర్ధనపు పూరేకులవలె అన్నియు ఒకే దిక్కునకు వాలియుండవలెను. ప్రతి ఆకులోను సగము వరకు పాదరసము పోసి మూయవలెను. ఇరుసును రెండు స్తంభములపై నిలిపినచో చక్రము తనంత తాను తిరుగును.

రెండవ చక్రమునకు ఆకులలో ఏమియు పోయనక్కరలేదు. నేమి చుట్టును గాడి తొలిచి, దానిని తాటియాకులతో కప్పి మైనముతో అతికి, ఆ గాడిలో సగము నీరు, సగము పాదరసము నింపి మూయవలెను. మూడవదానిలో అంకుశమువలె వంచిన రాగిగొట్టము ద్వారా పాత్రలోని నీరు పైకెక్కి బయటకు దుమికి, చక్రమునకు కట్టిన ఘటములలో పడి దానిని త్రిప్పును. ఇది ఏతావతా ఒక జలచక్రము. పాత్రలో నీరున్నంతవరకు తిరుగుననుటలో సందేహము లేదు. సందేహమంతయు మొదటి రెండింటిని గూర్చియే.

తిరుగునా, తిరుగదా?

మొదటి చక్రమును చూచినవారికి తిరుగుననియే తోచును. ఆకులు వంగియున్నందున ఒక ప్రక్క పాదరసము నేమి వైపునకు జారి ఇరుసునకు దూరమగును. రెండవ ప్రక్క ఇరుసు వైపునకు జారి దగ్గరగును. త్రాసులో బరువు దూరముగా నున్న వైపే మ్రొగ్గును గదా! కావున చక్రము ఆ వైపునకు మ్రొగ్గి తిరుగును, తిరిగినకొలది క్రొత్త ఆకులు ఆ స్థానమునకు వచ్చును, ఈ క్రమమునకు అంతము లేదు. యుక్తి ఇంత సుందరముగా నున్నది.

దోషమెక్కడనున్నది? ఒక్కొక్క గొట్టమును విడివిడిగా పరిశీలింతము. అది ఏ దిక్కునకు వాలియున్నను పాదరసము గొట్టపు మధ్యభాగము నుండి పల్లపు కొనకే జారును. చక్రము చుట్టును సమానముగా అమర్చిన గొట్టములలో పల్లపు కొన కుడికి నున్నవెన్నియో, ఎడమకు నున్నవియు అన్నియే. కుడివైపు జరుగుబాటును ఎడమవైపు జరుగుబాటు రద్దుచేయును. మిగులునది క్రిందికి జరిగిన జరుగుబాటు మాత్రమే. అనగా పాదరసమంతటి గురుత్వకేంద్రము ఇరుసునకు సరిగా క్రిందనే నిలుచును. ఒక ప్రక్క కొన్ని బరువులు దూరముగా నున్నమాట నిజము. కాని రెండవ ప్రక్క దగ్గరగా నున్నవాని సంఖ్య అధికము. మన కన్ను దూరమును చూచి సంఖ్యను మరచును.

లెక్కను మరియొక విధముగా చూడవచ్చును. ఒక పాదరస బిందువు ఒక పూర్ణభ్రమణములో ఎంత ఎత్తు దిగునో అంత ఎత్తు ఎక్కి బయలుదేరిన చోటికే రావలెను. దిగునపుడు ఇచ్చినదంతయు ఎక్కునపుడు తిరిగి తీసికొనును. ఋణము, ధనము సరిపోయి శేషము సున్న. ఇరుసు ఒరపిడికి, గాలి నిరోధమునకు చెల్లింపవలసిన వ్యయమునకు మూలధనమే లేదు. రెండవ చక్రము గతియు ఇంతే. పాదరసము నీటికంటె సుమారు 13.6 రెట్లు బరువు. అది నేమి అడుగునకు చేరి, సగభాగమును నింపి, అచటనే కూర్చుండును. గాడి దానిమీదుగా జారగలదే కాని, దానిచే త్రిప్పబడదు.

వాదముతో తృప్తిపడక, మా రథమునకు మరమ్మతులు చేయు వడ్రంగిని బ్రతిమాలి జానెడు వ్యాసార్ధముతో ఒక చక్రము చేయించితిని. పాదరసము విషము. దాని ఆవిరి నాడీమండలమునకు హానికరము, కావున ఎవరును దానితో ఇట్టి ప్రయోగము చేయరాదని మనవి. నేను ఎనిమిది ప్లాస్టిక్ గొట్టములలో సగము వరకు రంగునీరు పోసి మూయించితిని. చక్రమును మెల్లగా కదిపి విడిచిన, నీరు గళగళలాడుచు ఇటునటు జారినది, చక్రము కొంచెము ఊగి ఆగినది. ఖాళీ గొట్టములతో అంతే బలముతో త్రిప్పినపుడు అంతకంటె ఎక్కువసేపు తిరిగినది! త్రిప్పునదనుకొన్న ద్రవమే ఆపినది. ద్రవము జారి కొనలను కొట్టినప్పుడెల్ల కొంత శక్తి ఉష్ణముగా మారి పోవుచుండును.

బలముగా విసరి త్రిప్పినపుడు మాత్రము వేరొక దృశ్యము. నీరంతయు నేమిని అంటిపెట్టుకొని నిలిచినది, గళగళ ఆగినది, చక్రము చాలసేపు నిశ్శబ్దముగా తిరిగినది. అర మీటరు వ్యాసార్ధము గల చక్రము నిమిషమునకు సుమారు 42 భ్రమణములకు మించి తిరిగినచో నేమియందలి ద్రవము పైకి వచ్చినపుడు సైతము క్రింద పడదు. అపుడు బరువంతయు అంచున నున్న ఆ చక్రము, తేలిక చక్రముకంటె వేగమును ఎక్కువకాలము నిలుపుకొనును. పాదరసమువంటి భారద్రవ్యముతో, నూనె పోసిన మంచి ఇరుసుతో ఇట్టి చక్రమును త్రిప్పి చూపినచో, ఆ చేతిని మరచిన ప్రేక్షకునకు అది తనంత తాను తిరుగుచున్నట్లే తోచును. ఆ చక్రము తిరిగినట్లు కనబడుటకు నాకు తోచిన సమాధానము ఇదియే. ఇది చేతి వేగమును కొంతకాలము దాచుకొన్న చక్రము.

ఆచార్యులవారే చెప్పిన మాట

నన్ను తలవంచుకొనునట్లు చేసినది ప్రయోగము కాదు. గ్రంథమే. చక్రములను వర్ణించిన పిమ్మట భాస్కరులు లల్లాదులు చెప్పిన, అడుగున తెరచిన గొట్టము గల స్వయంవహ యంత్రమును గ్రామ్యమని ఆక్షేపించిరి. ఎందుకనగా అది సాపేక్షము, వేరొకదానిపై ఆధారపడి నడచునది. ఆ పైని ఇట్టి స్వయంవహ యంత్రములు బహువిధములుగా కుహకవిద్య చేత, అనగా ఇంద్రజాలపు యుక్తి చేత, కలుగుచుండునని, గోళవిషయమునకు ఇవి చెందినవి కావని, పూర్వులు చెప్పియుండుట చేతనే తామును చెప్పితిమని స్పష్టముగా వ్రాసిరి.

మహాశయులారా, నేను కంఠస్థము చేసి సభలో చదివిన శ్లోకమునకు కొలది శ్లోకముల తరువాతనే ఈ మాట యున్నది. మొదటిదానిని ఉదాహరించువారు వేలకొలది. రెండవదానిని ఉదాహరించువారు అరుదు. పూర్వాపరములను విడిచి మధ్య శ్లోకమును మాత్రము చూపుట మీమాంసాశాస్త్రము అంగీకరించు పద్ధతి కాదు. ఉపక్రమోపసంహారములను చూడకుండ తాత్పర్యమును నిర్ణయింపరాదని మనకు గురువులు నేర్పినదే గదా! ధీయంత్రమే పారమార్థికమన్న ఆచార్యులకు మనము చేసిన మర్యాద, ధీని ప్రక్కన బెట్టి చక్రమును పట్టుకొనుట.

నిజముగా తిరిగిన యంత్రము

మన పూర్వుల స్వయంవహ విద్య వట్టిదే యని ఎవరైన తలచినచో అదియు పొరపాటు. ఆర్యభటాచార్యులు క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయమునందలి గోళపాదములో, సమవృత్తమై అన్ని వైపుల సమభారము గల తేలిక కొయ్యగోళమును పాదరసము, తైలము, జలములతోను, తన బుద్ధితోను కాలమునకు సరిగా త్రిప్పవలెనని చెప్పిరి. వ్యాఖ్యాతలు దాని విధానమును వివరించిరి. గోళమునకు దారము చుట్టి, దాని కొనను పాదరసము పోసిన ఎండు సొరకాయబుఱ్ఱకు కట్టి, ఆ బుఱ్ఱను నీటితో నిండిన పొడవైన పాత్రలో తేల్చవలెను. పాత్ర అడుగు రంధ్రము నుండి నీరు మెల్లగా కారుచుండును. నీటిమట్టముతోపాటు బుఱ్ఱ దిగును, దారమును లాగును, గోళము తిరుగును. ఇరుసునకు తైలము. రంధ్రమును సరిచూచుకొన్నచో ఒక అహోరాత్రములో గోళము ఒక చుట్టు తిరుగును.

ఈ యంత్రములో రహస్యమేమియు లేదు. నీరు ఖర్చగుచున్నది. మరునాడు ఎవరో ఒకరు పాత్రను నింపవలెను. ఒక మనుష్యుడు నిండు కుండను పైకెత్తిన శ్రమయే అహోరాత్రము మెల్లమెల్లగా గోళమును త్రిప్పుచున్నది. పాదరసము ఇచట మాయకు కాదు, బుఱ్ఱకు బరువిచ్చుటకు. ఆర్యభటులు బుద్ధిని సైతము సామగ్రిలో చేర్చుట ఎంత ఔచిత్యముగా నున్నదో గమనింపుడు. వ్యయమును దాచని ఈ యంత్రమే మనము గర్వింపదగినది.

దేశాంతరముల కథ

నిరంతరచక్రముపై మోజు మన దేశమునకే పరిమితము కాదు. పాదరస చక్రములు అరబ్బీ గ్రంథములలోను కనబడును. క్రీ.శ. 1230 ప్రాంతమున ఫ్రాన్సు దేశస్థుడు విలార్ ద హోనెకూర్ తన చిత్రపుస్తకములో సుత్తులు వ్రేలాడు చక్రమును గీచి, పాదరసముతోను దానిని చేయవచ్చునని వ్రాసెను. భారతదేశము నుండి అరబ్బుల ద్వారా ఈ ఊహ అచటికి చేరినదని కొందరు చరిత్రకారుల అభిప్రాయము. 1717లో జర్మనీలోని కాసెల్ నగరము చెంత వైసెన్‌స్టైన్ కోటలో ఓర్ఫిరేయుస్ అను మారుపేరు గల బెస్లర్ 12 అడుగుల చక్రమును నిలిపెను. ఆ గదికి ముద్రవేసి మూసి, 1718 జనవరిలో తెరచినపుడును చక్రము తిరుగుచునే యున్నదట. కాని లోపలి నిర్మాణమును అతడు లోకమునకు చూపలేదు. 1721లో ఒక పండితుడు ఇరుసును పరీక్షించిన వెంటనే తన చక్రమును తానే పగులగొట్టెను. తరువాత అతని పనికత్తె, ప్రక్కగది నుండి చక్రమును చేతితో త్రిప్పుచుండిరని సాక్ష్యము చెప్పినది. కుహకవిద్య యన్న భాస్కరుల మాటకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానము దొరకదు.

1775లో ప్యారిస్ విజ్ఞాన పరిషత్తు ఇట్టి యంత్రములను ఇకపై పరీక్షింపబోమని తీర్మానించినది. 1840లలో మాయర్, జౌల్, హెల్మ్‌హోల్ట్జ్ మున్నగువారి కృషి వలన శక్తినిత్యత్వ నియమము స్థిరపడినది. శక్తి రూపము మారునే కాని, లేనిచోట నుండి పుట్టదు. భూచక్రమునకే ఈ నియమము తప్పలేదు. సముద్రపు ఆటుపోట్ల ఒరపిడి వలన భూభ్రమణము మందగించి, దినప్రమాణము శతాబ్దమునకు సుమారు 2 మిల్లీసెకన్లు పెరుగుచున్నది.

చక్రము ఆగుటయే సిద్ధాంతము

ఇక మన దర్శనముల మాట. సాంఖ్యకారికలయందును, బ్రహ్మసూత్ర శాంకరభాష్యమునందును జ్ఞానికి శరీరమేల నిలిచియుండునను ప్రశ్నకు చక్రమే దృష్టాంతము. కుమ్మరి దండమును తీసివేసినను చక్రము వెంటనే ఆగదు. పూర్వము పొందిన వేగము క్షయించువరకు తిరిగి, ఆ పిమ్మట ఆగును. అట్లే జ్ఞానోదయమైనను ప్రారబ్ధవేగము తీరువరకు శరీరము నిలుచును, ఆ పిమ్మట పడిపోవును. వైశేషికులు ఈ వేగమును సంస్కారములలో నొకటిగా పరిగణించిరి.

ఈ దృష్టాంతమును నిదానముగా ఆలోచింపుడు. వ్యయము కాని వేగముతో తిరుగు చక్రము ఒకటి లోకములో నుండునేని, ప్రారబ్ధము క్షయించుననుటకు ఈ దృష్టాంతము సాక్ష్యము చెప్పజాలదు. విదేహకైవల్యమును మనకు బోధపరచు ఉపమానమే కూలిపోవును. చక్రము ఆగునను లోకానుభవముపైననే మన ఆచార్యులు మోక్షవిచారమును నిలిపిరి. ఇంధనము లేని నిరంతరచక్రమును మన ధర్మమునకు భూషణముగా చూపబోయి, నేను మన దర్శనములకే విరుద్ధముగా మాటలాడితిని.

భగవద్గీత తృతీయాధ్యాయములో భగవానుడు చెప్పిన చక్రము వేరొకటి కలదు. అన్నము, పర్జన్యము, యజ్ఞము, కర్మ ఒకదానినొకటి పోషించుచు తిరుగు చక్రమది. అది తనంత తాను తిరుగునని గీత చెప్పలేదు. ప్రతివాడును తన వంతు అర్పింపవలెను. దానిని అనుసరింపక భోగము మాత్రము కోరువాని జీవితము వ్యర్థమని హెచ్చరించినది. ఉదయము పాత్రలో నీరు నింపిన చేయి గోళమును త్రిప్పినట్లు, ఆహుతి వేసిన చేయి ఈ లోకచక్రమును త్రిప్పుచున్నది. ఇవ్వకుండ పొందవలెనను ఆశయే నిరంతరచక్రపు మోజునకు మూలము. యజ్ఞము ఆ ఆశకు ఔషధము.

మరుసటి కార్తికమున అదే మండపములో, ఆ చక్రమును వేదికపై నుంచి, నేను మునుపు చెప్పినది పొరపాటని సభకు విన్నవించితిని. ఈసారి కరతాళధ్వనులు లేవు. కాని ఉపన్యాసానంతరము పిల్లలు ఆ చక్రము చుట్టు మూగి, త్రిప్పి, అది ఎందుకు ఆగుచున్నదో తమలో తాము వాదించుకొనసాగిరి. ఆ అమ్మాయి వెనుక వరుసలో నిలుచుండి వినినది. "మొత్తం చదివాను తల్లీ" అంటిని. నవ్వి నమస్కరించినది.

మీ చరవాణికి పూర్వుల అద్భుతములను గూర్చిన సందేశము వచ్చినపుడు, దానిని మరియొకరికి పంపుటకు ముందు ఆ శ్లోకమునకు ముందున్నది, వెనుకనున్నది ఒక్కమారు చదువుడని ప్రార్థన. ఆచార్యుల యెడ మన భక్తికి అదియే మొదటి లక్షణము.

ఇతి శమ్.